కుళాయి

"కరుక్కుళాయ్" అంది డాక్టరమ్మ అరవంలో.
నాకు కుళాయి అని మాత్రం వినబడింది.
నాయుడుపేట నుంచి వచ్చి నాలుగేళ్లయినా
నాకొచ్చిన అరవమంతా నీళ్ల మాటలే:
కుడం, తణ్ణి, లారి ఎప్ప వరుం.

కొరట్టూరులో మా మేడ కింది కుళాయి పగిలిందనీ
ఎవరో ఒకరు గుడ్డ చుట్టి ఆపుతారనీ
మత్తులో అనుకుంటూ పడుకున్నాను.
పగిలింది నేనని
మూడు సీసాల రక్తం ఎక్కాక తెలిసింది.

ఏడు వారాలు.
చేరాల్సిన చోటికి చేరలేదు.
దారిలోనే, ఆ ఇరుకులోనే, చాప పరుచుకుంది,
ఊరు తెలియక రాత్రిపూట దిగిన మనిషిలా.
దాని తప్పేముంది?
నేనూ అట్లానే కదా ఈ మద్రాసులో
మెట్ల కింద గదిలో కాపురం పెట్టింది.

బొడ్డు దగ్గర ఒకటి, పక్కన రెండు,
బియ్యపు గింజంత మచ్చలు.
"ఇంతేనా, ఏమీ కనబడదులే" అంది మా అత్త
చీర ఎత్తి చూసి.
కింది వాటా పంకజవల్లి అక్క
మూడు రోజులు రసం గిన్నె గడప మీద పెట్టి పోయింది.
గిన్నె కూడా తిరిగి అడగలేదు.

కరెంటు కార్డు కోసం వెతుకుతుంటే
చాన్నాళ్లకు దొరికింది ల్యాబు రసీదు.
కుడి నాళం, ఒకటి. తెచ్చినవారు: భర్త.
చిన్న సీసాలో వేసి మునిరత్నం చేతికిచ్చారట,
నాలుగో అంతస్తులో ఇచ్చి రమ్మని.
లిఫ్టు కుదుపుతుందేమోనని
మెట్లెక్కాడట, రెండు చేతులా పట్టుకుని.
నేను అడిగితేనే చెప్పాడు,
అదీ గోడవైపు తిరిగి.
ఆయన ఆ బిడ్డను మోసింది
నాలుగంతస్తులు.

మూడు నెలలు ఆగమన్నారు. ఆగాం.
ఆ తర్వాత ఆయన ఆగిపోయాడు.
నా పక్కన పడుకోవడం కూడా
తడి రంగు గోడకు ఆనుకోకుండా నిలబడ్డట్టు.
"నాకు నువ్వుంటే చాలు" అన్నాడొక రాత్రి.
ఎంత మంచి మాట!
పళ్లెం విసిరేద్దామన్నంత కోపమొచ్చింది.
నీకు నేను చాలు సరే,
నాకు నేను చాలొద్దా?

పదో రోజు, పన్నెండో రోజు, పద్నాలుగో రోజు.
పొద్దున్నే పెరంబూరు లోకల్లో స్కానింగుకి,
ఎదురు బండి పట్టుకుని అంబత్తూరులో కాజా మిషను ముందుకి.
సూపర్వైజరుకు మూడు అబద్ధాలు.
మా పెదనాన్నను ఈ ఏడాది రెండుసార్లు చంపాను.

నిన్న తెర మీద నల్లటి గుండ్రం.
"పద్దెనిమిది మిల్లీమీటర్లు. మంచి గుడ్డు."
ఏ పక్క అన్నాను.
కుడి.

కుడి పక్క కుళాయే లేదు.
నీళ్ల లారీ మన వీధికొచ్చిన రోజే
బిందె బయటెక్కడో మరిచినట్టు.
నవ్వొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు.
"ఒక్కోసారి ఎడమది ఇటు వంగి అందుకుంటుంది.
జరగదని అనుకోవద్దు" అంది,
జెల్లీ తుడుచుకోమని కాగితం ఇస్తూ.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని
ఎడమ చేయి కుడి నడుము మీదికి చాపి చూశాను.
అందింది.
ఎదురు సీటు ముసలామె ఏమనుకుందో ఏమో
పైట సర్దుకుంది.

రెండు గీతలు పడితే
ఆడా మగా అని ఊరంతా అడుగుతుంది.
నాది ఒక్కటే ప్రశ్న:
ఎక్కడ?
రోజు విడిచి రోజు రక్తమిచ్చి, అంకె పెరిగిందా అని చూసి,
ఆరో వారం దాకా ఊపిరి బిగబట్టుకుని,
కడుపులో ఏ చిన్న పోటు వచ్చినా
గడియారం, చెప్పులు, ఆటో నంబరు.
సంతోషం అంటే ఇక నాకు ఇదే.
కావాలి. ఇదైనా కావాలి.

రాత్రి గిన్నెలు కడిగి వచ్చి
మునిరత్నం చేయి తీసి మచ్చ మీద పెట్టుకున్నాను.
కాసేపు అలాగే ఉంచాడు,
వేడి గ్లాసు పట్టుకున్నట్టు.
"ఈ నెల కుడి పక్కేనంట."
"మరి?"
"మరేముంది," అన్నాను,
"లైటు తీసెయ్."